సాంచాల ఊరికి మాట్లాడే గోడతో

నేను చేసే పని ఏమిటో మా అమ్మకు కూడా ఇంతవరకు సరిగ్గా చెప్పలేకపోయాను. మ్యూజియంలలో, పార్కుల్లో, స్టేషన్లలో జనం ముట్టుకుంటేనో మాట్లాడితేనో బదులిచ్చే గోడలు, నేలలు, బల్లలు తయారు చేస్తాను. "అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవి కావమ్మా, చెయ్యి వెయ్యమని పిలిచేవి" అంటే, "మరి పిల్లలు పాడు చెయ్యరూ?" అంటుంది. చేస్తారు. అందుకే నాకు ఏడాది పొడుగునా పని ఉంటుంది.

హైదరాబాద్‌లో కొత్తగా కడుతున్న ఒక వస్త్రాల మ్యూజియంలో ఒక గది నాకు ఇచ్చారు. తెలంగాణ నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ ముంబై దగ్గరున్న భివండి వెళ్ళి అక్కడే ఉండిపోయినవాళ్ళ గురించిన గది అది. పదేళ్ళు ఇంకొకరి కంపెనీలో చాకిరీ చేసి బయటపడ్డాక, నా సొంత పేరు మీద వచ్చిన మొదటి పని. నా ఆలోచన ఇది: గదిలో నాలుగు మూలల నుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఎదురుగా గోడ మీద పడుగు దారాల్లాగా వెలుగు గీతలు నిలబడి ఉంటాయి. వచ్చినవాళ్ళు మైకు ముందుకు వచ్చి తమ పేరూ ఊరూ చెబితే, ఆ గొంతు పేకగా మారి గోడ మీద గుడ్డ నేస్తుంది. సన్నగొంతుకు సన్న నేత, బొంగురుగొంతుకు ముతక నేత. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

మ్యూజియం పనులు చూసే సారు మాత్రం కాగితాన్ని నమ్మే మనిషి కాదు. "ముందు అసలు మగ్గం మనుషుల దగ్గర పెట్టి చూడండి. శనివారం మూడింటికి కమిటీ కూర్చుంటుంది, ఆ లోపు వీడియో పంపండి. కుదరకపోతే ఆ గదిలో ఒక టచ్ స్క్రీన్ పెట్టేద్దాం" అన్నారు. టచ్ స్క్రీన్ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బ్యాంకులో టోకెన్ తీసుకున్నట్టు నొక్కి పోవడానికి మ్యూజియం దాకా రావాలా? ఆ కోపంలోనే టికెట్ తీసుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు సికింద్రాబాద్‌లో బండి ఎక్కాను. నిజామాబాద్, నాందేడ్ మీదుగా వెళ్ళే బండి ఇది. స్లీపర్ క్లాసు, కింది బెర్త్. నాతో ఒక ఇనుప పెట్టె ఉంది. అందులో ప్రొజెక్టర్, నాలుగు స్పీకర్లు, మైకు, కెమెరా, ల్యాప్‌టాప్. గోడకు కావలసిన చెక్క ఫ్రేమును వారం ముందే ట్రాన్స్‌పోర్టులో వేశాను. దాన్ని చేసిన వడ్రంగి ఏలియా అక్కా బావా భివండిలోనే మగ్గాల్లో పని చేస్తారు. ఈ ప్రయాణం ఏర్పాట్లన్నీ ఫోన్లో వాళ్ళే చేశారు.

కామారెడ్డిలో ఎక్కిన ఒక పెద్దమనిషి పెట్టెను చూసి, "ఏందమ్మా, బ్యాండు మేళమా?" అని అడిగాడు. భివండిలో ఆయనకు చాయ్ దుకాణం ఉందట. నేను విషయమంతా చెప్పాను. ఓపికగా విని, "సాంచాల సప్పుడు ఇననీకి జనం టికెట్ కొనుక్కొని వస్తరా? మేం ఆ సప్పుడు లేని జాగ ఎక్కడుంటదా అని చూస్తం" అన్నాడు. మరమగ్గాన్ని అక్కడివాళ్ళు సాంచ అంటారు. తర్వాత పాపం అనిపించిందేమో, "థానే దాక పోకుండ్రి. కల్యాణ్ల దిగి ఆటో వట్టుకొండ్రి, గంటల పోతరు" అని మంచి సలహా ఒకటి ఇచ్చాడు. మీరు వెళ్ళినా అలాగే చెయ్యండి.

బాసర ముందు గోదావరి దాటేసరికి ఎండ మెత్తబడింది. పులిహోర పొట్లం విప్పితే ఆయన తన డబ్బాలోంచి సకినాలు తీసి నా కాగితంలో పోశాడు. ఎనిమిదిన్నరకు పడుకున్నాను. గురువారం పొద్దున ఆరు దాటాక కల్యాణ్.

స్టేషన్ బయట వడా పావ్, చాయ్ ముప్పయ్యైదు రూపాయలు. షేర్ ఆటోలో సీటుకు నలభై అన్నారు కానీ, నా పెట్టెను చూసి ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి మొత్తం ఆటో మాట్లాడుకున్నాను. ఖాడీ అనే సముద్రపు పాయ మీది వంతెన దాటి, లారీల మధ్య సందు చూసుకుంటూ ఏడున్నరకు భివండిలోని టెంఘర్ చేరాం. ఏలియా అక్క సలోమి వీధి మొదట్లోనే నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. పెట్టెకు ఒకవైపు తనే చెయ్యి వేసి, "లాడ్జి బుక్ చేసినవంటగా. ఫోన్ చేసి వద్దను. మా ఖోలీ ఉండంగ లాడ్జి ఏంది?" అంది. ఖోలీ అంటే ఒక గది, వెనకాల వంటకు జాగా. గోడకు చర్చి క్యాలెండరు, మంచం మీద ఉతికిన దుప్పటి, పళ్ళెంలో వేడి వేడి సర్వపిండి. నేను లాడ్జికి ఫోన్ చేసి వద్దని చెప్పాను.

పది గంటలకు సాంచాల షెడ్డుకు వెళ్ళాం. షెడ్డు యజమాని మల్లేశం సేటు. సిరిసిల్ల దిక్కు నుంచి పనివాడిగా వచ్చి, ఇప్పుడు ఇరవై నాలుగు సాంచాలు నడుపుతున్నాడు. మనిషి నిండుగా, పొట్ట కొంచెం ముందుకు ఉంటాడు. సలోమి ఒక మూల కూర్చుని కండెలకు దారం చుడుతుంది. ఆమె భర్త దేవదాసు బావ అవతలి మూలన సాంచాల మీద ఉంటాడు. ఇక ఆ చప్పుడు సంగతి. తలుపు తియ్యగానే అది చెవుల్లోకి రాదు, పళ్ళలోకి వస్తుంది. నేను హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మీటరు మీద నుంచి కళ్ళు తిప్పకుండా రెండు గంటలు రికార్డు చేశాను. మధ్యలో తలెత్తితే పనివాళ్ళు నా వైపు చూసి చేతులు ముఖం దాకా ఎత్తుతూ కనిపించారు. పలకరిస్తున్నారనుకుని నేనూ అరచెయ్యి అడ్డంగా ఊపాను. అందరికీ చాయ్ వచ్చింది, నాకు రాలేదు. పని ధ్యాసలో అడగలేదు కానీ లోపల కొంచెం చిన్నబోయాను.

మధ్యాహ్నం రెండింటికి బస్సెక్కి కాశేలి వెళ్ళి, అక్కడి గోదాములో దిగిన ఫ్రేమును విడిపించుకున్నాను. గోదాముల వరుస ఎంత పొడుగంటే, నంబరు వెతుక్కుంటూ అరగంట నడిచాను. టెంపోలో వేసుకుని సాయంత్రానికి టెంఘర్ తిరిగి వచ్చి, షెడ్డు పక్కనే తాకాలు, అంటే నేసిన గుడ్డ చుట్టలు, పెట్టుకునే గదిని దేవదాసు బావతో కలిసి ఖాళీ చేశాను.

శుక్రవారం భివండిలో సాంచాలు బంద్. ఊరు ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టు ఉంటుంది. పదిన్నరకు గోడ సిద్ధమైంది. తలుపులు మూసి, చీకటి చేసి, మైకు ముందు నిలబడి నా పేరూ ఊరూ చెప్పాను. గోడ మీద పసుపు రంగు గుడ్డ చక్కగా అల్లుకుంది. నా పనికి నేనే మురిసిపోయాను. పదకొండింటికి ఇరవై మంది దాకా వచ్చారు. ఉతికిన చొక్కాలు వేసుకుని, తలలు దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను మూలన కెమెరాను వీడియోకు పెట్టి, నిన్నటి చప్పుడును నాలుగు స్పీకర్ల నుంచి వదిలాను.

మొదట మల్లేశం సేటు వచ్చాడు. మైకు ముందు నిలబడ్డాడు. పెదాలు కదిలాయి, చేతులు కదిలాయి, ముఖం వెలిగింది. గోడ మీద మాత్రం ఒక్క పోగు పడలేదు.

మైకు వైరు ఊడిందేమో అని చూశాను. బాగానే ఉంది. "ఇంకొంచెం గట్టిగా చెప్పండి" అని కేకవేశాను. ఆయన అర్థమైందన్నట్టు తలూపి చేతులు ఇంకా పెద్దగా ఆడించాడు. గోడ అలాగే ఉంది. తర్వాత ఇద్దరు వచ్చారు. అదే కథ. వైరు మార్చాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను. దేవదాసు బావ వచ్చి అర నిమిషం పాటు నిలబడి వెళ్ళాడు. గోడ బండరాయిలా ఉంది. వెనకాల జనం మాత్రం నవ్వుతున్నారు. ఒకరు పక్కవాడి భుజం చరిచి నవ్వుతారు, ఇంకొకరు కళ్ళు తుడుచుకుంటారు. నా గోడను చూసి నవ్వుతున్నారని నాకు ఏడుపొచ్చింది. పన్నెండు దాటింది. రేపు మూడింటికి కమిటీ. టచ్ స్క్రీన్ నా కళ్ళ ముందు నిలబడింది.

చప్పుడు ఆపేశాను. గదిలో లైటు వేశాను.

"అక్కా, మైకు చచ్చినట్టుంది. ఎవ్వరి గొంతూ పట్టుకోవడం లేదు" అన్నాను.

సలోమి నా ముఖం చూసి కంగారు పడింది. "మైకు మంచిగనే ఉండొచ్చు చెల్లె. వాళ్ళు గొంతు తియ్యలే."

"అదేంటి? అంతసేపు మాట్లాడారుగా?"

"మాట్లాడిండ్రు. సాంచాలు నడుస్తుంటే గొంతు ఎవలు తీస్తరు? తీసినా ఎవలకు ఇనబడ్తది?"

"మరి మీరు ఎందుకు నవ్వారు?"

"సేటు చెప్పిండు గదా. మొదటి దినం ఈ ఊరికొచ్చి స్టేషన్ల చెప్పులు పోగొట్టుకున్నడంట. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది ఏసుకొని సాంచాలకు వచ్చిండంట."

"నీకు ఎలా వినబడింది?"

"నాకు గూడ ఇనబడలే. కనబడ్డది."

నేను పెట్టె మీద కూలబడ్డాను. ఆ ఇరవై మందీ పాతికేళ్ళ నుంచి, ముప్పయ్యేళ్ళ నుంచి ఆ హోరులో పెదాలతో, చేతులతో మాట్లాడుకుంటున్నారు. చప్పుడు మొదలైతే చాలు, గొంతు దానంతట అదే మూతపడుతుంది. చెయ్యి లేస్తుంది. నేను చప్పుడు పెట్టి, చప్పుడులో గొంతెత్తమన్నాను. పద్దెనిమిది నెలలు ఏసీ గదిలో కూర్చుని వీళ్ళ గొంతును లోకానికి వినిపిస్తానని గొప్పలు పోయాను. నిజంగా సిగ్గేసింది.

అప్పుడు అందరూ ఒకేసారి నాకు నేర్పడం మొదలుపెట్టారు. రెండు వేళ్ళు విడదీస్తే పోగు తెగిందని. పిడికిలి బోర్లిస్తే కండె అయిపోయిందని. పిడికిలి అటూ ఇటూ, మగ్గంలో పేక దారాన్ని మోసే నాడెలాగా ఆడిస్తే సాంచ నడుస్తోందని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ కావాలా అని.

"నిన్న మేం అందరం నిన్ను చాయ్ తాగుతవా అని అడిగినం" అన్నాడు దేవదాసు బావ. వినికిడి తగ్గిన మనిషి కావడంతో కొంచెం గట్టిగా మాట్లాడతాడు. "నువ్వు చెయ్యి అడ్డంగ ఊపినవ్. మల్ల అడిగినం. మల్ల ఊపినవ్. పట్నపోళ్ళు చాయ్ తాగరేమో అనుకున్నం."

ఒకతను పొట్ట ముందు అరచేత్తో గుండ్రంగా తిప్పి, ఠక్కున ఆపేసి, తల దించుకున్నాడు. అదేమిటని అడిగితే ఎవరూ చెప్పరు. మల్లేశం సేటు తన పొట్ట వైపు ఒకసారి చూసుకున్నాడు. "సేటు వస్తున్నడని అర్థం. గిది నాకెరుక లేదనుకున్నరా? నేను సాంచాల మీద ఉన్నప్పుడు మా సేటుకు గిదే పెట్టిన" అన్నాడు. గది గొల్లుమంది.

నేను మైకును విప్పి పెట్టెలో పడేశాను. మూలన ఉన్న కెమెరాను తెచ్చి మైకు ఉన్న చోట బిగించాను. గొంతుకు బదులు చేతి కదలికనూ పెదవి కదలికనూ పట్టుకుని పేకగా మార్చాలి. ఈ లెక్కలు నాకు కొత్తవి కావు. ఒక పార్కులో పిల్లలు చేతులు ఆడిస్తే గోడ మీద పిట్టలు ఎగిరేలా ఇదివరకే చేశాను. ఆ పాత పనిలోంచి ముక్కలు తీసుకొచ్చి దీనికి అతికించాలి. ఒంటిగంట నుంచి కూర్చున్నాను. సలోమి కోడికూర, అన్నం తెచ్చి, "తిన్నంక చెయ్యి" అని ల్యాప్‌టాప్ మూత తనే దించింది. తిన్నాక చేశాను. మూడున్నరకు మొదటి పోగు పడింది, కానీ తలకిందులుగా పడింది. అయిదింటికి సరిగ్గా పడింది.

అయిదున్నరకు వచ్చినవాళ్ళు పొద్దుటికి రెండింతలు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా వచ్చారు. బడిలో మరాఠీ చదువుకునే ఒక అమ్మాయి నా పక్కన చేరి, "ఆంటీ, హే చాలూ అయితదా, నక్కీ?" అని అడిగింది. నడుస్తుందా, ఖాయమేనా అని. నక్కీ అని చెప్పి, వైర్లన్నీ మరోసారి చూసుకున్నాను. ఈసారి చప్పుడును పూర్తిగా పెంచాను.

సలోమి గోడకు ఒక కొసన నిలబడింది. దేవదాసు బావను రెండో కొసన నిలబెట్టాను. షెడ్డులో వాళ్ళిద్దరి మధ్య ఉండే దూరమూ దాదాపు అంతే. ఆమె చెయ్యి లేచింది. గోడ మీద ఎర్ర పోగు ఒకటి బయలుదేరి, పడుగు గీతల కిందా మీదా దూరుతూ ఆయన దాకా వెళ్ళింది. ఆయన పెదవి కదిపాడు, వేళ్ళు తిప్పాడు. నీలం పోగు వెనక్కి వచ్చింది. ఎరుపు, నీలం, ఎరుపు, నీలం. వాళ్ళు ఎంత వేగంగా మాట్లాడుకుంటే గుడ్డ అంత వేగంగా దిగింది. రెండు నిమిషాల్లో గోడ నిండిపోయింది. జనం ఈలలు వేశారేమో తెలియదు, ఆ చప్పుడులో నాకేమీ వినబడలేదు. కానీ ప్రతి చెయ్యీ గాల్లో ఉంది. నేను ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఫోన్లో వీడియో తీశాను.

తర్వాత సలోమిని పక్కకు పిలిచి, అంతసేపు బావతో ఏం మాట్లాడావని అడిగాను. ఇరవై మూడేళ్ళ కాపురం గురించి ఏదో గొప్ప మాట చెబుతుందని నా ఆశ.

"ఏం లేదు. బియ్యం అయిపోయినయ్ అన్న. రేపు తెస్త అన్నడు. పోయినసారి గూడ గట్లనే అన్నవు అన్న. గంతే" అంది.

ఆరున్నరకు వీడియోను సారుకు పంపాను. "చూశాను. వీళ్ళేం మాట్లాడుకుంటున్నారు?" అని అడిగారు. బియ్యం గురించని చెప్పాను. "సరే, కమిటీకి చూపిస్తా. మైకు అని రాసి ఇచ్చి చేతులు చూపిస్తున్నారు, ఏమంటారో చెప్పలేను" అని పెట్టేశారు. ఆ మాట నన్ను మళ్ళీ కిందికి దించింది. సలోమి మాత్రం మంచం నాకు ఇచ్చి, కింద చాప వేసుకుని, ఇంకో పది సైగలు నేర్పించి గానీ పడుకోనివ్వలేదు.

శనివారం సలోమి, బావ ఇద్దరూ ఖాడా పెట్టారు. పనికి నాగా అన్నమాట. ఫ్రేమును మల్లేశం సేటు దగ్గరే ఉంచి, పెట్టెతో ఒంటిగంటకు ఆటో ఎక్కాం. రెండున్నరకు కల్యాణ్ ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. పుణె, షోలాపూర్ మీదుగా వెళ్ళే బండి నాలుగింటికి. సామాన్ల భయానికి ఈసారి థర్డ్ ఏసీ తీసుకున్నాను. మూడయింది. మూడున్నర అయింది. ఫోన్ రాలేదు. సలోమి నా చేతిలోంచి ఫోను లాక్కుని, "గట్ల చూస్తే మోగుతదా?" అని తన సంచిలో వేసుకుంది. బండి వచ్చాక గానీ తిరిగి ఇవ్వలేదు.

కల్యాణ్‌లో బండి ఎక్కువసేపు ఆగదు. బావ పెట్టెను బెర్త్ కిందికి తోసి, నాకు నీళ్ళ సీసా తెస్తానని దిగి దూరంగా ఉన్న దుకాణం వైపు పరుగెత్తాడు. సలోమి దిగి కిటికీ దగ్గరికి వచ్చింది. ఏసీ బోగీ అద్దం మందంగా ఉంటుంది, అవతలి మాట ఇవతలికి రాదు. నా ఎదురు సీటాయన తనను దింపడానికి వచ్చిన తమ్ముడికి ఏదో చెప్పాలని అద్దానికి నోరు ఆనించి అరుస్తున్నాడు. తమ్ముడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏంటీ ఏంటీ అంటున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"టచ్ స్క్రీన్ వద్దన్నారండీ" అన్నారు సారు. "కమిటీలో ఒకావిడ వీడియోను మూడుసార్లు పెట్టించుకుని చూసింది. చేతులే ఉంచమన్నారు. గది మీదే."

బండి కదిలింది. సలోమి అద్దం పక్కనే నడుస్తూ అరచెయ్యి తిప్పి, ఏమైంది అని అడిగింది. అరిచి చెప్పబోయి ఆగాను. గొంతుతో పనేముంది? అద్దానికి ఆనుకుని పిడికిలి ఎత్తి అటూ ఇటూ ఆడించాను. సాంచ నడుస్తోంది.

ఆమె ముఖం విప్పారింది. వెంటనే వెనక్కి తిరిగి చెయ్యి పైకెత్తి నాడె ఆడించింది. జనం తలల మీదుగా, కూలీల మూటల మీదుగా, ఎక్కడో దుకాణం దగ్గర ఉన్న బావకు ఆ మాట చేరింది. నీళ్ళ సీసా పట్టుకున్న చెయ్యే గాల్లోకి లేచి అటూ ఇటూ ఊగింది. నా నీళ్ళు అక్కడే ఉండిపోయాయి. సలోమి మళ్ళీ నా వైపు తిరిగి, అడుగులు పెంచుతూ, కొత్తవాళ్ళకు చెప్పినట్టు నిదానంగా పెదాలు కదుపుతూ, చేతులతో చాలా పెద్ద మాటే చెప్పింది. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా చెప్పింది. ఒక్క ముక్క కూడా పోలేదు.

బండి వేగం అందుకున్నాక ఎదురు సీటాయన గొంతు సవరించుకుని, "మా వాడికి తాళాలు పక్కింట్లో ఇచ్చానని చెప్పలేక చచ్చాను. ఆవిడ అంతసేపు ఏం చెప్పిందండీ?" అని అడిగాడు.

"మ్యూజియంలో గది తెరిచిన రోజు షెడ్డులో అందరూ వస్తారట. చప్పుడు మాత్రం అస్సలు తగ్గించొద్దని చెప్పింది. తగ్గిస్తే వాళ్ళకు మాట్లాడబుద్ధి కాదట."